హాలోవీన్‌కి అట్ట గబ్బిలాలు, అటకలో అసలువి ఉంటే

టెక్సాస్‌లోని మా ఆస్టిన్‌లో కాంగ్రెస్ ఎవెన్యూ వంతెన కింద వేసవిలో దాదాపు 15 లక్షల గబ్బిలాలుంటాయి. అలాంటి ఊళ్లో ప్లాస్టిక్‌వి కొనడం దండగ.

నల్ల అట్టకాగితాన్ని మధ్యకు మడిచి, మడత వైపు సగం ఒళ్లు, ఇటు ఒక రెక్క గీయండి. రెక్క కింది అంచు వంపులు వంపులుగా రావాలి, లేకపోతే కాకిలా ఉంటుంది. కత్తిరించి విప్పాక రెక్కల్ని కాస్త ముందుకు మడిచి, ఒంటి వెనక మాత్రమే టేపు అంటించండి. రెక్కలు గోడకు తగలకపోతే వరండా లైటు వేయగానే నీడలు పడతాయి. అసలు అందం అదే.

సాగదీసే దూది సాలెగూడు మాత్రం బయట కట్టొద్దు. పిట్టలు, నిజం గబ్బిలాలు అందులో చిక్కుకుంటాయి.

అటకలో అసలువే చేరాయా? చూరు కింద జిడ్డు మరక, బియ్యపు గింజంత రెట్టలు చూడండి. పుల్లతో నొక్కితే పొడైపోయి పురుగు రెక్కల ముక్కలు మెరుస్తాయి. ఎలుకదైతే అలా పొడి అవదు. కన్నం వెంటనే మూసేస్తే లోపలే చస్తాయి. వేసవిలో ఎగరలేని పిల్లలుంటాయి కాబట్టి ఆగస్టు చివరిదాకా ఆగండి. తర్వాత బయటికి మాత్రమే పోనిచ్చే గొట్టం పెట్టించి, అన్నీ వెళ్లాక మూయించండి.

గబ్బిలాన్ని వట్టి చేత్తో ముట్టుకోవద్దు, రేబిస్ టెన్షన్ ఉంటుంది. పిల్లలు నిద్రపోయిన గదిలో కనబడితే బయటికి తోలేయకుండా, పిల్లల్ని గదిలోంచి తీసుకొచ్చి తలుపు మూసి, హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేయండి. దాన్ని పరీక్ష చేస్తేనే ఇంజెక్షన్లు కావాలో వద్దో తేలుతుంది.