పాటిగడ్డ మీద డిటెక్టర్ గోల పెడుతోందా? ముందు కాయిల్ కవర్ ఊడదీయండి

హైదరాబాద్ చుట్టుపక్కల పాడుబడ్డ ఊళ్ల దిబ్బల మీద, అంటే పాటిగడ్డల మీద, పాత నాణేల కోసం మెటల్ డిటెక్టర్ తిప్పేవాళ్ల దగ్గర్నుంచి నాకొచ్చే ఫోన్లలో ముప్పాతిక వంతు ఒకటే పాట. "అన్నా, ఇంటి దగ్గర బాగానే ఉంది. పాటి మీదికి వచ్చేసరికి ఆగకుండా కూస్తోంది." నాకు ఫోన్ చేసేలోపే సెన్సిటివిటీ, అంటే సన్న సిగ్నల్‌ను పట్టే శక్తి, సగానికి దించేసి ఉంటారు. గోల తగ్గుతుంది, నిజమే. 5, 6 అంగుళాల కింద ఉన్న పైసా గొంతు కూడా దాంతోనే పోతుంది. సెన్సిటివిటీ జోలికి వెళ్లడం ఆఖరి పని. మొదటి పని కాదు.

అడుగడుక్కీ కూత

ఎక్కువసార్లు ఇది నేల సంగతి. మన చుట్టూ ఉన్నది గ్రానైట్. అది చివికి ఏర్పడిన ఎర్ర మొరంలో ఇనుము దండిగా ఉంటుంది. పాటిగడ్డ మన్ను మళ్లీ వేరు. ఏళ్ల తరబడి పొయ్యిలు మండిన చోటు, బూడిద, కాలిన గోడమట్టి, పెంకులు. కాలిన మట్టికి అయస్కాంత గుణం పెరుగుతుంది. పైగా రైతులు పాటిమన్ను తవ్వి పొలాలకు తోలుకుపోయి ఉంటారు కాబట్టి పది అడుగులు వేస్తే నేల రంగు రెండుసార్లు మారుతుంది.

మనవాళ్లు ఏం చేస్తారు? బండి ఆపిన చోట, మొరం బాట పక్కన గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల గోలను మెషిన్ పట్టించుకోకుండా సరిచేయడం) చేసి, అదే సెట్టింగుతో దిబ్బ ఎక్కుతారు. అది బాటకు సరిపోయిన బ్యాలెన్స్, దిబ్బకు కాదు. దిబ్బ మీద లోహం లేని జాగా చూసుకుని అక్కడ చేయండి. మట్టి రంగు మారిన ప్రతిసారీ మళ్లీ చేయండి. ఆ బ్యాలెన్స్‌ను మెషినే సరిచేసుకుంటూ పోయే ఆటో ట్రాకింగ్ ఉంది కదా అంటారు. అనుమానం వచ్చిన చోట కాయిల్‌ను (రాడ్ చివర ఉండే పళ్లెం లాంటి భాగం) పదేపదే అటూ ఇటూ ఊపితే, ట్రాకింగ్ ఆ సన్నటి సిగ్నల్‌ను కూడా నేలలో భాగమనుకుని మింగేయొచ్చు.

కాయిల్ కదపకుండా గాల్లో పట్టుకున్నా కూస్తోందంటే నేలను తిట్టి లాభం లేదు. పైన హైటెన్షన్ తీగలు, పక్కన బోరు మోటారు, జేబులో ఫోన్, చేతికి స్మార్ట్ వాచ్, పక్కనే తిప్పుతున్న దోస్తు డిటెక్టర్. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, దోస్తును దూరం పంపండి, ఫ్రీక్వెన్సీ మార్చండి. సెన్సిటివిటీ తగ్గించడం ఆ తర్వాతే.

పొదకు తగిలితే కూత, తవ్వితే ఏమీ లేదు

నా ఓపిక తినేసింది ఇదే. లక్షణాలు ఇలా ఉంటాయి: పొద్దున బాగానే ఉంటుంది. గంటా రెండు గంటలు పోయాక ఊపు చివర, చేయి మలిపే చోట చిన్న కూత మొదలవుతుంది. కాయిల్ తుమ్మపొదకో బండరాయికో తగిలితే మంచి నాణెం సిగ్నల్ లాంటిదే ఇస్తుంది. అదే చోట మళ్లీ తిప్పితే రాదు. గ్రౌండ్ బ్యాలెన్స్ మళ్లీ చేసినా పోదు. ఇంటికి తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టి రూపాయి బిళ్ల చూపిస్తే శుభ్రంగా పలుకుతుంది. అందుకే షాపువాడికి ఇచ్చినా "బాగానే ఉంది కదా సార్" అని తిప్పి పంపుతాడు.

కాయిల్ అడుగున తొడిగే ప్లాస్టిక్ కవర్ ఉంది చూశారా, తప్పు దానిది. ఇంకా చెప్పాలంటే దానికీ కాయిల్‌కూ మధ్య దూరిన మట్టిది. గడ్డి దుబ్బులు ఒరుసుకుని కవర్ అంచు కొద్దిగా లేస్తుంది. ఆ సందులోంచి దుమ్ము లోపలికి పోతుంది. కవర్ ఊడదీసి చూడండి. గాడిలో ఇటుక రంగు మట్టి పేరుకుని, దాని మధ్య నల్లటి సన్న ఇసుక మెరుస్తుంటుంది. వాన వెలిశాక మన బండల పక్క నీటి చారల్లో కనిపించే నల్ల ఇసుక ఇదే. అందులో మాగ్నెటైట్ ఉంటుంది. చిన్న అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి దగ్గర పెట్టండి, ఇసుక వెంట్రుకల్లా నిక్కబొడుచుకుంటుంది.

ఇప్పుడు ఆలోచించండి. మనం వాడే మామూలు డిటెక్టర్లు కదలికను చూసి పనిచేస్తాయి. మారకుండా ఉన్నదాన్ని పక్కన పెట్టి, మారినదాన్ని టార్గెట్ అంటాయి. కవర్లో మట్టి గట్టిగా అతుక్కుని ఉన్నంతసేపు మెషిన్‌కు పట్టదు, గ్రౌండ్ బ్యాలెన్స్ కూడా చక్కగా కుదురుతుంది. ఎండకు ఆరి, పెళ్లలు ఊడి, ఊపుతోపాటు జారడం మొదలుపెట్టాకే కూత. మధ్యాహ్నం ఎక్కువ కావడానికీ, టేబుల్ మీద అసలు బయటపడకపోవడానికీ కారణం అదే.

పరీక్ష రెండు నిమిషాల పని. కాయిల్‌ను నడుము ఎత్తులో, నేలకు దూరంగా పట్టుకోండి. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయండి. కాయిల్ అంచును అరచేత్తో తట్టండి. కూసిందా? కవర్ తీసి మళ్లీ తట్టండి. కూత పోతే దొంగ దొరికినట్టే. ఇంకా కూస్తుంటే కేబుల్ చూడండి. రాడ్‌కు బిగువుగా చుట్టి లేకపోతే, కాయిల్ దగ్గర వేలాడుతుంటే, అది కూడా ఊగి అచ్చం ఇలాగే చేస్తుంది. కనెక్టర్ వదులైనా అంతే.

మందు సులువే. కవర్‌నూ కాయిల్‌నూ మంచినీళ్లతో కడిగి, గాడిలో పాత టూత్ బ్రష్ తిప్పి, పూర్తిగా ఆరాక తొడగండి. తడి మీద తొడిగితే మిగిలిన దుమ్ము బురదై మళ్లీ అతుక్కుంటుంది. అంచు చుట్టూ ప్లాస్టిక్ ఇన్సులేషన్ టేపు ఒక వరస వేయండి. సిలికాన్ పూసి శాశ్వతంగా మూసేవాళ్లున్నారు. నాకు నచ్చదు, తర్వాత తీసి కడగలేరు. ఈ గొడవంతా ఎందుకని కవర్ లేకుండా తిప్పితే గ్రానైట్ చెక్కలు కాయిల్‌ను గీకేస్తాయి.

తెలిసిన తమ్ముడొకడు ఈ కూతకే విసిగి, ఒక సెల్లర్ మాట విని వేలు పోసి కొత్త కాయిల్ కొన్నాడు. కొత్తదానికి గీతలు పడకూడదని పాత కవరే తొడిగాడు, మట్టితో సహా. మళ్లీ నాకే ఫోన్!

కూత బాగుంది, గుంతలో ఏమీ లేదు

ముందు తవ్విపోసిన మట్టికుప్ప మీద కాయిల్ తిప్పండి. సగంసార్లు అందులోనే ఉంటుంది. అక్కడా లేదంటే గుంతలో నల్లరాయి ఉందేమో చూడండి. మన గ్రానైట్‌ను చీల్చుకుంటూ డోలరైట్ చారలు పోతాయి. ఆ రాయి ముక్కలు లోహంలా పలుకుతాయి. రాయి తీసి పక్కన పెట్టి దాని మీదే తిప్పితే తేలిపోతుంది. ఒక దిక్కు నుంచి పలికి, అడ్డంగా తిరిగి చూస్తే తెగిపోయేది సాధారణంగా మేకు. బీరు సీసా మూతలు మాత్రం నాణెంలాగే పలుకుతాయి, వాటిని భరించాల్సిందే.

అసలు నాణేలే రావడం లేదు

డిస్క్రిమినేషన్, అంటే అక్కర్లేని లోహాలకు కూయకుండా కోసేసే సెట్టింగు, ఎంత పెంచారు? రేకు ముక్కల బాధ పడలేక ఫాయిల్ భాగం మొత్తం కోసేస్తారు. 1907 నుంచి వచ్చిన వంకీల అంచు అణా రాగి, నికెల్ కలిపిన బిళ్ల. మెషిన్ తెర మీద చూపే దాని నంబర్ ఆ ఫాయిల్ దగ్గరే, కిందే పడుతుంది. సన్నటి చిన్న వెండి బిళ్లలూ అంతే. ఇనుము తప్ప ఏదీ కోయకండి. 1943 నుంచి వచ్చిన చిల్లు పైసా ఒకటి ఇంట్లో ఉంటే నేలలో పాతి, మీ మెషిన్ ఏ నంబర్ చూపిస్తుందో రాసి పెట్టుకోండి.

జనం వచ్చి ఆపుతున్నారు

మీరు గుప్తనిధుల బ్యాచ్ అనుకుంటున్నారు. మన దగ్గర ఆ పేరుతో తవ్వి అరెస్టయ్యేవాళ్ల వార్తలు తరచూ వస్తాయి కాబట్టి వాళ్ల తప్పు లేదు. పట్టాదారు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, సర్పంచ్‌కు చెప్పండి, పగలే వెళ్లండి. గోల్కొండ చుట్టుపక్కలకూ, కొండాపూర్ దిబ్బకూ డిటెక్టర్ పట్టుకుని వెళ్లకండి. ఐటీ ఆఫీసుల కొండాపూర్ కాదు, సంగారెడ్డి దగ్గరి శాతవాహనుల కాలం నాటి చోటు. రక్షిత స్థలాల్లో తవ్వడం నేరం. సొంత పొలంలోనైనా సరే, నేలలో దాచినది దొరికి దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లోనే ఉంది.

మిగతావి

కాయిల్ లోపల తీగ తెగడం, కంట్రోల్ బాక్సులోకి నీళ్లు పోవడం, బోర్డు కాలిపోవడం ఉంటాయి, కానీ అరుదు. పైన చెప్పినవన్నీ చూశాక కూడా కూత తగ్గకపోతే, అదే మోడల్ ఉన్నవాళ్ల కాయిల్ ఒకటి అడిగి తగిలించి చూడండి. దానికి వాళ్ల కవర్‌తోనే.