హ్యుమానిటీస్ సెంటర్‌లో ఇంటర్న్‌గా చేరాలనుకునే పీహెచ్‌డీ పిల్లలకు

కంప్యూటర్ సైన్స్ చదవడానికి అమెరికా వచ్చినవాళ్లకి ఇంటర్న్‌షిప్ గురించి చెప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. చరిత్రకో, సాహిత్యానికో వచ్చామంటే మాత్రం "దానికి కూడా ఇంటర్న్‌షిప్ ఉంటుందా?" అని ఇంట్లోవాళ్లే అడుగుతారు. ఉంటుంది. విస్కాన్సిన్ యూనివర్సిటీ మ్యాడిసన్ క్యాంపస్‌లో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తూ నేను అక్కడి హ్యుమానిటీస్ (చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం లాంటి విషయాలు) సెంటర్‌లో పని చేశాను. కొత్తగా వచ్చేవాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

సెంటర్ అంటే డిపార్ట్‌మెంట్ కాదు. వేర్వేరు శాఖలవాళ్లని ఒక గదిలో కూర్చోబెట్టడమే దాని పని. ఉపన్యాసాలు, వర్క్‌షాపులు పెడుతుంది, ఊళ్లో జనం కోసం కార్యక్రమాలు నడుపుతుంది. మ్యాడిసన్ సెంటర్‌కి విస్కాన్సిన్ రాష్ట్రమంతటా హైస్కూలు పిల్లల చేత ఒక ప్రపంచ సాహిత్య గ్రంథం చదివించే కార్యక్రమం కూడా ఉంది. పరిశోధన కోసమే అయితే అదే క్యాంపస్‌లో 1959 నుంచీ ఇంకో సంస్థ ఉంది, ఇన్‌స్టిట్యూట్ ఫర్ రీసెర్చ్ ఇన్ ద హ్యుమానిటీస్ అని. రెండింటినీ ఒకటే అనుకుని తప్పు చోట అప్లై చేయకండి.

ముందు గంటల లెక్క చూసుకోండి. ఎఫ్-1 వీసా (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు. 50 శాతం టీఏ (టీచింగ్ అసిస్టెంట్) ఉద్యోగం అంటే ఆ 20 గంటలూ అయిపోయినట్టే. అప్పుడు సెంటర్ పని సెలవుల్లోకి మార్చుకోవాలి, లేదా టీఏ శాతం తగ్గించుకోవాలి. ఇంటర్న్‌షిప్ బయట మ్యూజియంలోనో, ప్రచురణ సంస్థలోనో అయితే సీపీటీ (చదువులో భాగంగా క్యాంపస్ బయట పని చేసే అనుమతి) కావాలి. సాధారణంగా ఒక పూర్తి విద్యా సంవత్సరం అయ్యాకే అది ఇస్తారు, పని మీ చదువులో భాగమని చూపించాలి. అనుమతి ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి వీసా పత్రం) మీద పడేదాకా పని మొదలుపెట్టకండి. ఫుల్ టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ మీద వచ్చే ఓపీటీ (చదువుకున్న రంగంలో కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) పోతుంది. "జీతం లేదు కదా, వాలంటీర్‌గా చేస్తా" అనుకున్నా సరే, ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి తీరాలి.

ఇక అప్లికేషన్. మనవాళ్లు కవర్ లెటర్‌లో గోల్డ్ మెడల్స్, ర్యాంకులు, పర్సంటేజీలు పేరుస్తారు. సెంటర్ వాళ్లకి కావలసింది వేరు: కాలేజీ పత్రికకి ఎడిటింగ్ చేశారా, సాహిత్య సభకి వక్తల్ని పిలిచి, మైకు చూసుకుని, ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే కార్యక్రమాన్ని సర్దారా? అవి రాయండి. "హ్యుమానిటీస్ అంటే నాకు ప్రాణం" అన్న వాక్యం కొట్టేయండి, ప్రతి అప్లికేషన్‌లోనూ అదే ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పెట్టాల్సింది మీ పరిశోధనని రెండు వాక్యాల్లో చెప్పడం మీద. నా మొదటి డ్రాఫ్ట్‌లో "వలస పాలనలో నీటిపారుదల, ఆస్తి సంబంధాల పునర్నిర్మాణం" అని ఉండేది. డిపార్ట్‌మెంట్‌లో అది సరిపోతుంది. సెంటర్‌కి ఇలా మార్చాను: "1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలవ నీళ్లొచ్చాక ఏ ఊళ్లో ఎవరి పొలం ఎవరి చేతికి పోయిందో పాత కాగితాల్లో వెతుకుతున్నాను." సంగీతం డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ కూడా వెంటనే ఒక ప్రశ్న వేశారు. ప్రశ్న పుట్టిందా లేదా అన్నదే పరీక్ష. ఆదివారం భోజనాల దగ్గర ఎవరైనా బాబాయ్ మీద ప్రయోగించి చూడండి.

పనిలో చేరాక మొదట గదులు, పోస్టర్లు, హోటల్ బుకింగులే మీ చేతికి వస్తాయి. తక్కువగా చూడకండి, ఒక ఉపన్యాసం నిలబడేది వాటి మీదే. ఇరవై మంది వస్తారనుకుంటే నలభై కుర్చీల గది తీసుకోవద్దు. సగం ఖాళీ గదిలో ఎంత మంచి ఉపన్యాసమైనా నీరసంగా వినిపిస్తుంది. వక్త పేరు ఎలా పలకాలో వాళ్లనే అడగండి. మన పేర్లని ఇక్కడ ఎలా పలుకుతారో మనకి తెలుసు కదా. పరిచయం చేయమంటే వెబ్‌సైట్‌లో ఉన్న బయోడేటా చదవొద్దు, వాళ్ల పుస్తకం ఏ ప్రశ్నతో మొదలవుతుందో చెప్పి కూర్చోండి. డిన్నర్‌లో వైన్ బిల్లు వేరుగా రాయించండి. స్టేట్ యూనివర్సిటీ నిధుల నుంచి మద్యానికి డబ్బు రావడం చాలా కష్టం, తర్వాత ఆ రసీదు పట్టుకుని తిరగాల్సింది మీరే.

వర్క్‌షాప్‌లో చర్చించే పేపర్ ముందే పంపిస్తారు. చదివి వెళ్లండి. మనవాళ్లు అయితే నోరు విప్పరు, లేదా ప్రశ్న పేరుతో ఉపన్యాసం ఇస్తారు. ఒకటే ప్రశ్న, రెండు ముక్కల్లో. విషయం మీది కాకపోతే ఆధారాల గురించి అడగండి: ఈ ఉత్తరం ఎక్కడ దొరికింది, ఎవరు దాచారు? అలాంటి ప్రశ్న ఏ శాఖలోనైనా చెల్లుతుంది.

మీరు తెలుగువారు కాబట్టే చేయగలిగే పనులు కూడా ఉన్నాయి. పీఎల్-480 (అమెరికా ఆహార సహాయ చట్టం) కింద వచ్చిన గోధుమల గురించి మీ తాతగారిని అడగండి. వాటికి మన దేశం రూపాయల్లో కట్టిన డబ్బులో కొంతతో 1962 నుంచి ఢిల్లీలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆఫీసు భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా యూనివర్సిటీలకి పంపింది. అలా వచ్చిన తెలుగు పుస్తకాలు ఇక్కడి లైబ్రరీ అరల్లో ఉన్నాయి. తెలుగు సాహిత్య విమర్శకుడు, అనువాదకుడు వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు చెప్పింది ఈ క్యాంపస్‌లోనే. సెంటర్ వాళ్లు ప్రదర్శనకి ఐడియా అడిగితే ఇంతకంటే ఏం కావాలి? ఏటా అక్టోబర్‌లో మ్యాడిసన్‌లో జరిగే దక్షిణాసియా సదస్సుకి కూడా తప్పక వెళ్లండి, పుస్తకాల మీద చూసిన పేర్లన్నీ కాఫీ క్యూలో కనిపిస్తాయి.

చేరే ముందు మీ అడ్వైజర్‌కి చెప్పండి. "టైమ్ వేస్ట్" అనేవాళ్లూ ఉంటారు, వాళ్ల భయం పూర్తిగా తప్పేం కాదు. పొద్దున థీసిస్, మధ్యాహ్నం సెంటర్ అని గీత గీసుకోండి. డిసెంబర్‌లో ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుంది, సాయంత్రం రాస్తానన్న మాట నిలవదు.

ఆఖరి వారంలో డైరెక్టర్‌ని రెఫరెన్స్ లెటర్ అడగండి, మీరు చేసిన పనుల జాబితా ఒక పేజీలో రాసిచ్చి మరీ. పోస్టర్లు, న్యూస్‌లెటర్లు, వెబ్ పేజీలు అన్నీ పీడీఎఫ్‌లుగా దాచుకోండి. వెబ్‌సైట్ మార్చినప్పుడు మీ పేరున్న పేజీ ఉంటుందని గ్యారంటీ లేదు.