కారు షెడ్డులో సామాను సర్దాలంటే ముందు కారు తలుపులు తెరవండి

నెల్లూరులో సొంతిల్లు ఉన్న వాళ్లలో చాలామందికి కారు షెడ్డంటే కారు ఒక్కదానికే కాదు. పొలం పట్టలు (టార్పాలిన్లు), స్ప్రేయరు, కూలరు, మిగిలిన పెయింటు డబ్బాలు, పిల్లల సైకిలు, పెళ్లినాటి గుండిగలు అన్నీ అక్కడికే చేరతాయి. మాది వేదాయపాళెం, పొలం బుచ్చిరెడ్డిపాళెం దగ్గర. ఇంటి సామానుకూ, సేద్యం సామానుకూ మాకున్నది ఆ ఒక్క షెడ్డే. అందుకే ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

ర్యాకులు కొనడానికి పోకముందే కారును ఎప్పుడూ ఆపే చోట ఆపి, నాలుగు తలుపులూ, డిక్కీ తెరవండి. తలుపు అంచు ఎక్కడిదాకా వస్తుందో నేల మీద సుద్దముక్కతో గీయండి. ఆ గీత లోపల ఏమీ పెట్టకూడదు. మా షెడ్డు 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. స్విఫ్ట్ లాంటి కారు పొడవు పన్నెండున్నర అడుగులు, వెడల్పు ఆరడుగులకు కాస్త తక్కువ. డ్రైవరు వైపు మూడడుగులు వదిలి, ఎడమ గోడకు అడుగు దూరంలో ఆపుతాం. ఆ వైపు కూర్చున్న వాళ్లు గేటు దగ్గరే దిగిపోతారు. ఆ ఎడమ గోడకు, కారు అద్దాల కంటే పైన, మేకులు కొట్టి నిచ్చెన, పార, నీళ్ల పైపు చుట్ట లాంటి పలచటి సామాను తగిలించుకోవచ్చు.

అసలు చోటు ఎదురుగోడ దగ్గరుంది. అక్కడ మిగిలే ఐదున్నర అడుగుల్లో ర్యాకు లోతు అడుగున్నర దాటనివ్వకండి. వెల్డింగు షాపతను "అక్కా, రెండడుగులు ఏసుకుంటే ఇంకా పడతాయి గదా" అన్నాడు. పడతాయి, నిజమే. కానీ వెనక వరసలో ఏముందో కనపడదు. కనపడని వస్తువు ఇంట్లో ఉన్నా మళ్లీ కొంటాం. కారు ముందు చక్రాలు తగిలి ఆగేలా నేల మీద నాలుగంగుళాల సిమెంటు గట్టు వేయిస్తే, ర్యాకుకు గుద్దుతామన్న టెన్షన్ ఉండదు.

ఇక నీళ్ల సంగతి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్న వరద, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను చూసిన వాళ్లకు నేల మీద అట్టపెట్టె పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు. నది దూరంగా ఉన్నా సిమెంటు రోడ్డు మళ్లీ మళ్లీ వేసేకొద్దీ వీధి ఎత్తు పెరిగి, మన షెడ్డు పల్లమవుతుంది. గోడ మీద పాత నీటి మరక ఎక్కడుందో చూడండి. కొత్త ఇల్లయితే పక్కింటి వాళ్లను అడగండి. ఆ గుర్తుకు ఇంకో అడుగు పైన మొదటి అర రావాలి. దాని కింద తడిసినా పాడుకాని సిమెంటు కుండీలు, ప్లాస్టిక్ టబ్బుల్లాంటివే ఉంచాలి.

ఆ మొదటి అరకు కడప బండ వేయించండి. తుప్పు పట్టదు, చెద పట్టదు, ప్లైవుడ్ లాగా ఉబ్బదు. మూడడుగులకొక పిల్లగోడ కట్టి బండ పరిచి, దాని మీద స్లాటెడ్ యాంగిల్ ర్యాకు (వరసగా రంధ్రాలుండే ఇనుప యాంగిళ్లతో బిగించేది) నిలబెట్టి గోడకు బోల్టులతో బిగించాలి. ర్యాకు కాళ్లు సరిగ్గా పిల్లగోడల మీదికి రావాలి, బండ నడిమధ్యలో బరువు పడితే పగులుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లయితే ఉప్పుగాలికి ఇనుము తొందరగా పాడవుతుంది కాబట్టి తుప్పు పట్టకుండా రెండు కోట్లు రెడాక్సైడ్ ప్రైమరు కొట్టాకే రంగు వేయించండి.

ఏది ఏ అరలో పెట్టాలనేది కాలాన్ని బట్టి మార్చుకోవాలి. సెప్టెంబరు చివర్లో పట్టలు, తాళ్లు, టార్చిలైటు, నీళ్లు తోడే మోటారు చేతికందే ఎత్తుకు వస్తాయి, కూలరు అటకెక్కుతుంది. ఎండలు ముదరకముందే ఇవి అటు, అది ఇటు. సంక్రాంతి గుండిగలు, రొట్టెల పండక్కి చుట్టాలొస్తే పరిచే చాపలు ఎప్పుడూ అటక మీదే. పట్టను మాత్రం కడిగి, రెండు వైపులా బాగా ఎండాక పీవీసీ పైపుకు చుట్టి పెట్టండి. తడిగా మడిస్తే మడతల్లో అంటుకుపోయి, లాగినప్పుడు అక్కడే చిరుగుతుంది.

చిన్న సామానుకు 20 లీటర్ల పెయింటు బకెట్లు బాగుంటాయి. మూత గట్టిగా పడుతుంది, ఎలక కొరికినా చప్పుడవుతుంది. పేరు మూత మీద కాకుండా పక్కన రాయండి, ఒకదాని మీద ఒకటి పెట్టినా కనపడుతుంది. వడ్ల బస్తాలు, తౌడు మాత్రం షెడ్డులో వద్దు. వాటికోసం వచ్చిన ఎలక కారు వైర్లు కూడా కొరుకుతుంది.

పురుగుమందుల విషయం చాలా గట్టిగా చెబుతున్నాను. అవి వచ్చిన సీసాలోనే ఉండాలి, కూల్‌డ్రింకు సీసాలోకి వంచనే వంచకూడదు. పిల్లలు తాగేస్తారు. తాళం వేసే ఇనుప పెట్టెలో పెట్టి, తాళంచెవి ఇంట్లో పెట్టుకోండి. ఇన్వర్టరు బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు దాంట్లోంచి మండే వాయువు వస్తుంది కాబట్టి గాలాడే చోట ఉంచి, థిన్నరు, పెట్రోలు దాని దరిదాపుల్లో లేకుండా చూడండి. ప్లగ్గు పాయింట్లు కూడా నీటి గుర్తుకు బాగా పైనుండాలి.

అద్దె ఇంట్లో ఉన్న వాళ్లకు పిల్లగోడలూ, బండలూ కుదరవు. స్లాటెడ్ యాంగిల్ ర్యాకు ఒక్కటి కొని, అట్టడుగు అర నీటి గుర్తుకు పైన వచ్చేలా బిగించుకుంటే చాలు, రంధ్రాలు మార్చి ఎత్తు ఎలాగైనా సర్దుకోవచ్చు. ఓనరుతో మాట్లాడి గోడకు రెండు బోల్టులు మాత్రం వేయించండి, లేకపోతే ముందుకు ఒరుగుతుంది.