పంటు మీద వశిష్ఠ దాటి: పాలకొల్లు, నరసాపురం, రాజోలు ఒక్కరోజు కారు ప్రయాణం ఎలా చేయాలి?

కోనసీమ చూడ్డానికి వచ్చే కుటుంబాలు చాలావరకు హైవే మీద రావులపాలెం దాకా వచ్చి, కొబ్బరిచెట్ల కింద నాలుగు ఫొటోలు దిగి, సాయంత్రానికి యానాం చేరి తిరుగుముఖం పడతాయి. రోజంతా కార్లోనే గడిచిపోతుంది, పిల్లలకు ఒక్క ఊరు కూడా గుర్తుండదు. డెల్టా తెలియాలంటే మామూలు ఊళ్లలో దిగి నడవాలి. పాలకొల్లు, నరసాపురం, అవతలి ఒడ్డున మలికిపురం, రాజోలు. ఒక రోజుకు ఇవి చాలు, ఇంకొకటి కలపొద్దు. మధ్యలో గోదారి పాయ వశిష్ఠను పంటు మీదే దాటాలి. పంటు అంటే జనాన్నీ బండ్లనూ ఏరు దాటించే బల్లకట్టు లాంటి పడవ.

ఎప్పుడు వెళ్లాలి

సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర నుంచి మార్చి సగం దాకా. దాళ్వా (రెండో పంట) వరి చేలు పచ్చగా ఉంటాయి, కాలువల్లో నీళ్లుంటాయి. ఏప్రిల్ దాటితే కాలువలకు నీళ్లు ఆపేస్తారు, ఎండ మండిపోతుంది. కోతల రోజుల్లో రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. దాని మీద కారు పోనివ్వడమంటే రైతు కష్టాన్ని తొక్కడమే, దిగి అడిగి పక్కనుంచి వెళ్లండి. మాఘమాసంలో అంతర్వేది కల్యాణం, భీష్మ ఏకాదశి రథోత్సవం జరిగే రోజుల్లో మాత్రం ఈ దారి వద్దు. రేవు జనంతో నిండిపోతుంది, కారుకు చోటుండదు.

కారు, సామాను

చిన్న కారు తీసుకోండి. కాలువ గట్ల రోడ్ల మీద ఏడు సీట్ల బండి ప్రతి ట్రాక్టరు దగ్గరా ఆగిపోతుంది. గ్రౌండ్ క్లియరెన్సు (నేల నుంచి కారు అడుగు భాగం దాకా ఎత్తు) 160 మిల్లీమీటర్లకు తగ్గితే పంటు ఎక్కించొద్దు. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే ఉంచండి. చిల్లర నోట్లు, మంచినీళ్లు, రెండు గోనె సంచులు. గోనె సంచులు మర్చిపోవద్దు, వాటి పని కింద చెబుతాను.

ఉదయం

ఏడింటికల్లా పాలకొల్లులో ఉండాలి. పంచారామ శివక్షేత్రాల్లో ఒకటైన క్షీరారామం తొమ్మిది అంతస్తుల గోపురం ఎండెక్కక ముందే చూసి, టిఫిన్ చేసి కదలండి. నరసాపురంలో ఒక గంట ఆగి లేసు అల్లికలు చూడండి. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు సన్నని కొక్కెం సూదితో అల్లే ఈ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) వచ్చింది. కొనేటప్పుడు తిరగేసి ముడులు చూడండి. చేత్తో అల్లినదాంట్లో దారం బిగువు అక్కడక్కడా కొద్దిగా మారుతుంది, మిషను లేసు అంతా ఒకే తీరున ఉంటుంది.

పంటు ఎక్కించడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే, నిదానంగా చదవండి.

నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లి రేవుకు పంటు తిరుగుతుంది. పదింటిలోపు రేవులో ఉండండి. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లేచి నదిలో అల పెరుగుతుంది. పైగా ఉదయం పంటు ఆగిపోయినా, ఎగువన వశిష్ఠ మీదే ఉన్న చించినాడ వంతెన మీదుగా చుట్టి వెళ్లే సమయం మిగులుతుంది. అందుకే ఈ ప్రయాణం నరసాపురం వైపు నుంచే మొదలుపెట్టాలి. సాయంత్రం అవతలి ఒడ్డున చిక్కుకుని రాత్రివేళ చుట్టూ తిరిగి వచ్చేవాళ్లంతా దీన్ని వెనక నుంచి మొదలుపెట్టినవాళ్లే.

ఇక్కడ నదికి సముద్రపు పోటు తగులుతుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు పంటు పైకి తేలి రేవుకు దాదాపు సమంగా ఉంటుంది. ఆరు గంటలు తిరిగేసరికి నీళ్లు లాగేస్తాయి. అప్పుడు కారు పొడుగాటి వాలు మీదుగా దిగి, పంటు ఇనుప పలక మీదకు మళ్లీ ఎక్కాలి. వాలూ పలకా కలిసే మడతలోనే ముందు బంపరు తగులుతుంది. నీళ్లు లాగిన వాలు మీద ఒండ్రు పేరుకుని జారుడుగా కూడా ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఈ తేడా మరీ ఎక్కువ. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. ముందురోజే కనుక్కోండి. నీళ్లు బాగా లాగి ఉంటే రేవులోనే కూర్చుని ఒక బొండాం తాగండి, పోటు తిరిగి నీళ్లు పెరిగాక వాలు తగ్గుతుంది. కంగారుపడి దించితే బంపరు ఊడుతుంది.

డ్రైవరు తప్ప అందరూ రేవు పైనే దిగిపోవాలి. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ కూడా. ఆవిడను చెయ్యి పట్టుకుని నడిపించండి, కార్లో కూర్చోబెట్టి దించొద్దు. డిక్కీలోని బరువైన సామాను తీసి చేత్తో పట్టుకెళ్లండి. వెనక బరువు ఎక్కువైతే అవతలి ఒడ్డున వెనక బంపరు మడతలో ఈడ్చుకుపోతుంది.

పంటు మీద పనిచేసే కళాసీ చెయ్యి ఊపేదాకా కదలొద్దు. ఫస్ట్ గేరులో, క్లచ్ సగం వదిలి, నడక వేగంతో, స్టీరింగు నిటారుగా పోనివ్వండి. పలక ఎక్కే చోట ఆగొద్దు. ముందు చక్రాలు పలక మీద, వెనక చక్రాలు బురదలో ఉండగా ఆగితే మళ్లీ కదపడం కష్టం. ఎక్కాక గట్టిగా బ్రేకు కొట్టొద్దు, తడి ఇనుము మీద టైరు పట్టదు. హ్యాండ్ బ్రేకు, ఫస్ట్ గేరు వేసి ఇంజను ఆపండి. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టించండి. అడగకపోతే కొన్నిసార్లు పెట్టరు.

కారు ఆగిన నిమిషంలో మోటారు సైకిళ్లు చుట్టూ కమ్మేస్తాయి, తలుపు తెరుచుకోదు. అందుకని అద్దాలు ముందే పూర్తిగా దించి, వెంటనే దిగిపోండి. దాటుతున్నంతసేపూ కార్లో ఎవ్వరూ ఉండకూడదు. నిద్రపోతున్న పిల్లను సీట్లో వదిలేసి ఏసీ ఆన్‌లో ఉంచేవాళ్లు కనిపిస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. పిల్లల్ని భుజాన వేసుకోండి, లైఫ్ జాకెట్లు అడిగి తొడగండి.

అవతలి ఒడ్డు ఎక్కడం దిగడం కన్నా కష్టం. మన చిన్న కార్లలో ఎక్కువ భాగానికి ఇంజను బలం ముందు చక్రాలకే. ఏటవాలు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలి ముందు చక్రాలు తేలికవుతాయి, తడి వాలు మీద తిరుగుతాయేగానీ లాగవు. ముందున్న బండి గట్టు పైకి పూర్తిగా చేరాకే మీరు కదలండి. దాని వెంటే వెళ్లి మధ్యలో ఆగడం వల్లే ఎక్కువమంది ఇరుక్కుంటారు. చక్రం ఊరికే తిరిగితే యాక్సిలరేటరు తొక్కొద్దు, గుంట పడుతుంది. హ్యాండ్ బ్రేకు లాగి ముందు చక్రాల కిందకు గోనె సంచులు దోపించండి. తోసేవాళ్లు పక్కల నుంచి తోయాలి, కారు వెనక ఎవరూ నిలబడకూడదు.

వరద నీటితో గోదారి ఎర్రబడిందంటే పంటు ఆలోచనే వద్దు. ఎగువన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, అంటే పది లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. అది వచ్చేదాకా పరవాలేదనుకోవడం పొరపాటు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన రోజు ప్రవాహం ఆ అంకె కన్నా చాలా తక్కువే.

ఇంత జాగ్రత్త ఎందుకు, వంతెన ఉంది కదా అని అడుగుతారు. వంతెన మీద గోదారి రెండు నిమిషాల్లో అయిపోతుంది. పంటు మీద కాలేజీ పిల్లలు, చేపల బుట్టలు, పాలక్యాన్లు, పెళ్లివాళ్లు అందరూ మీ పక్కనే నిలబడతారు. ఏటి వెడల్పు పిల్లలకు అక్కడ అర్థమవుతుంది.

అవతలి ఒడ్డు

మలికిపురం మీదుగా రాజోలు. గట్టు రోడ్ల మీద ఎదురుగా ట్రాక్టరో కొబ్బరికాయల లారీయో వస్తే వెడల్పున్న చోట మీరే ముందుగా ఆగండి. అంచు మట్టి మెత్తన, చక్రం దిగితే కారు కాలువలోకి ఒరుగుతుంది. భోజనం ఒంటిగంటలోపు, మెస్సులోనే. ఆ తర్వాత వెళ్తే కూరలుండవు. ఈ నెలల్లో పులస అని ఎవరైనా వడ్డిస్తే నమ్మొద్దు, అది వరద రోజుల్లో ఏటికి ఎదురీదే చేప. రాజోలు బజారులో కారు పక్కన పెట్టి గంటసేపు నడవండి. నాలుగున్నరకు బయలుదేరి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు చేరండి. చీకటి పడ్డాక గట్టు రోడ్లు వద్దు.

ఆ రాత్రే కారు అడుగు భాగం మంచినీళ్లతో కడిగించండి. రేవులో చిమ్మే నీటిలో ఉప్పుంటుంది, వదిలేస్తే బ్రేకు డిస్కులూ సైలెన్సరూ తుప్పు పడతాయి. కడిగాక నాలుగడుగులు నడిపి, రెండుమూడుసార్లు బ్రేకు నొక్కి ఆరబెట్టి అప్పుడు నిలపండి.