స్టాఫ్ నర్సు పోస్టుకు అప్లై చేశాక: నస పెట్టకుండా అడిగే పద్ధతి

కార్పొరేట్ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు పోస్టుకు రెజ్యూమె ఇచ్చి వచ్చాక పది రోజులు దాటినా ఫోన్ రాకపోతే, ఇక తీసుకోలేదనే అనుకుంటారు చాలామంది. తరచూ జరిగేది అది కాదు. హెచ్‌ఆర్ దగ్గరున్న రెజ్యూమె నర్సింగ్ సూపరింటెండెంట్ బల్ల మీదికి వెళ్లాలి. ఏ యూనిట్‌లో ఎంతమంది తక్కువున్నారో ఆవిడ చూసుకుని, ఆ ఇన్‌ఛార్జ్‌తో మాట్లాడి సరే అనాలి. ఆ తర్వాత జీతం ఖరారు, మేనేజ్‌మెంట్ ఆమోదం. ఎన్‌ఏబీహెచ్ (ఆస్పత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ఆస్పత్రి అయితే చేరే ప్రతి నర్సు చదువు, రిజిస్ట్రేషన్, అనుభవం సరిచూసి ఫైల్లో పెట్టాలి, అక్కడ ఇంకొన్ని రోజులు పడతాయి. మీ కాగితం ఎక్కడ ఆగిందో తెలుసుకుని, కదలడానికి ఏం కావాలో అది అందించండి. ఊరికే "నా సంగతి ఏమైంది మేడమ్" అంటే అవతలివాళ్లకు అదొక అదనపు పని, అంతే.

రెజ్యూమె ఇచ్చిన రోజే

వాక్-ఇన్ (నేరుగా వెళ్లి హాజరయ్యే) ఇంటర్వ్యూలో లేచి వచ్చేముందు రెండు ప్రశ్నలు అడగండి: "ఎప్పటిలోగా చెబుతారు మేడమ్? ఆలోపు కబురు రాకపోతే ఎవరిని అడగమంటారు?" ఆ తేదీ, ఆ పేరు అక్కడే రాసుకోండి. "సోమవారం దాకా చూడండి" అని వాళ్లే చెప్పాక మంగళవారం మీరు ఫోన్ చేస్తే ఎవరూ విసుక్కోరు. మొహమాటపడి ఆ రెండు ప్రశ్నలు మింగేసినవాళ్లే తర్వాత ఎప్పుడు అడగాలో తెలియక తికమక పడతారు.

సర్టిఫికెట్లన్నీ ఒకే పీడీఎఫ్‌గా ఉంచుకోండి: రెజ్యూమె, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సింగ్ సర్టిఫికెట్, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అనుభవ పత్రాలు, బీఎల్‌ఎస్ (ప్రాణం నిలిపే ప్రథమ చికిత్స శిక్షణ) సర్టిఫికెట్. ఫైల్ పేరులో మీ పేరు, కోర్సు, పని చేసిన యూనిట్, ఏళ్లు ఉండాలి. "రెజ్యూమె న్యూ ఫైనల్" అనే పేరుతో హెచ్‌ఆర్ కంప్యూటర్‌లో అప్పటికే బోలెడు ఫైళ్లు ఉంటాయి. ఒరిజినల్స్ మాత్రం ఎక్కడా వదిలి రావద్దు. చూపించి, జిరాక్స్ కాపీలు ఇచ్చి, వెంటనే తెచ్చేసుకోండి.

మన పిల్లలు చాలామంది బెంగళూరులో నర్సింగ్ చదివి కర్ణాటక కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉంటారు. హైదరాబాద్‌లో చేరాలంటే తెలంగాణ కౌన్సిల్, విజయవాడలో అయితే ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అడుగుతారు. దానికి మొదట పాత కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రావాలి. ఇంటర్వ్యూ బాగా జరిగినా ఫోన్ రాకపోవడానికి ఇదే కారణం కావచ్చు. ఎన్‌ఓసీకి అప్లై చేసిన రసీదు చేతిలో ఉంటే మీ మొదటి మెసేజ్‌కు అంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

ఎన్నాళ్లు ఆగాలి, ఏ వేళ అడగాలి

ఇంటర్వ్యూ అయిన సాయంత్రమో మర్నాడో థాంక్స్ చెబుతూ రెండు లైన్ల మెయిల్ పంపండి. జవాబు ఆశించకండి. వాళ్లు గడువు చెప్పి ఉంటే అది ముగిసిన మర్నాడు, చెప్పకపోతే ఏడు పని దినాలకు మొదటి ఫాలో అప్. "అర్జెంట్‌గా కావాలి, వెంటనే జాయిన్ అవ్వాలి" అని ప్రకటించిన పోస్టుకు మూడు రోజులు చాలు. వెబ్‌సైట్‌లో అప్లై చేసి, ఇంకా ఎవరినీ కలవకపోతే పది రోజులు ఆగండి. ముందు పోర్టల్‌లో స్టేటస్ చూసుకోండి. అక్కడే కనిపించే సంగతి ఫోన్ చేసి అడిగితే బాగోదు.

ఆస్పత్రి గడియారం మీకు తెలిసిందే. ఉదయం 8 గంటలకు హ్యాండోవర్ (డ్యూటీ అప్పగింత), ఆ వెంటనే రౌండ్లు. మధ్యాహ్నం 2 దగ్గర మళ్లీ డ్యూటీ మార్పు. ఆ వేళల్లో నర్సింగ్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎంత మంచివాళ్లకైనా చిరాకే. 11 నుంచి 12.30 మధ్య, లేదా 3 నుంచి 5 మధ్య చేయండి. హెచ్‌ఆర్‌కు నెలాఖరు, నెల మొదటి రోజులు హాజరు లెక్కలు, జీతాలతోనే సరిపోతుంది, ఆ నాలుగైదు రోజులు వదిలేయండి. సోమవారం పొద్దున కూడా వద్దు.

మొదట హెచ్‌ఆర్‌నే అడగాలి. నర్సింగ్ సూపరింటెండెంట్ తన నంబరు తానే ఇస్తే తప్ప, ఫ్రెండ్ దగ్గర సంపాదించిన ఆవిడ పర్సనల్ నంబరుకు మెసేజ్ పెట్టవద్దు.

మెసేజ్‌లో ఏం ఉండాలి

మెయిల్ అయితే ఇంగ్లిష్‌లో రాయండి, సబ్జెక్ట్ లైన్‌లో పోస్టు, మీ పేరు, ఇంటర్వ్యూ తేదీ పెట్టండి. వాట్సాప్ నంబరు వాళ్లే ఇచ్చి ఉంటే అందులో పంపవచ్చు. విషయం ఇలా ఉండాలి:

"నమస్తే మేడమ్. జూన్ 9 వాక్-ఇన్‌లో మెడికల్ ఐసీయూ స్టాఫ్ నర్సు పోస్టుకు హాజరయ్యాను. బీఎస్సీ నర్సింగ్, ఐసీయూలో 2 ఏళ్లు చేశాను. నోటీస్ పీరియడ్ 30 రోజులు. బీఎల్‌ఎస్ ఈ వారమే రెన్యూ అయింది, కాపీ జత చేశాను. నా అప్లికేషన్ ఇంకా పరిశీలనలో ఉందా? నా వైపు నుంచి ఇంకేమైనా కాగితాలు కావాలా? ప్రస్తుతం నైట్ డ్యూటీలో ఉన్నాను, మధ్యాహ్నం 3 తర్వాత ఫోన్ తీయగలను."

కింద మీ పూర్తి పేరు, నంబరు.

తేదీ, పోస్టు పేరు ఉంటే హెచ్‌ఆర్ తన ఎక్సెల్ షీట్‌లో మిమ్మల్ని అర నిమిషంలో పట్టుకుంటుంది. కొత్త కాగితం ఏదో ఒకటి జత చేస్తే మీరు ఎందుకు పలకరించారో అడగనక్కర్లేదు. బీఎల్‌ఎస్ రెండేళ్లకోసారి రెన్యూ చేయాల్సిందే కాబట్టి గడువు దగ్గరపడితే ఆ పని ఇప్పుడే కానివ్వండి. ప్రశ్నలు కూడా "ఉంది", "అక్కర్లేదు" అని ఒక్క మాటతో జవాబివ్వగలిగేవే. జీతం, హాస్టల్, వీక్లీ ఆఫ్ గురించి ఇక్కడ ఎత్తకండి, వాటికి ఆఫర్ వేళ ఉంది.

అన్నిటికన్నా పనికొచ్చేది మెసేజ్‌లోని ఆ చివరి వాక్యం. హెచ్‌ఆర్ ఫోన్ చేసేది పగలు 11 గంటలకు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన నర్సు అప్పుడు ఫోన్ సైలెంట్‌లో పెట్టి నిద్రపోతూ ఉంటుంది. రెండుసార్లు చేసి ఎత్తకపోతే లిస్టులో తర్వాతి పేరుకు వెళ్లిపోతారు. "ఫోన్ రాలేదు" అనుకునేవాళ్లలో కొందరికి నిజానికి ఫోన్ వచ్చే ఉంటుంది, ఏదో తెలియని ల్యాండ్‌లైన్ నంబరు నుంచి. ఫాలో అప్ చేసేముందు మిస్డ్ కాల్స్, మెయిల్‌లో స్పామ్ ఫోల్డర్ ఒకసారి వెతకండి.

మెసేజ్‌కు రెండు పని దినాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి ఫోన్. "మేడమ్, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?" అని మొదలుపెట్టి, పేరు, పోస్టు, తేదీ చెప్పి, ఆ రెండు ప్రశ్నలే అడగండి. "చూసి చెబుతాం" అంటే "సరే మేడమ్, వచ్చే గురువారం ఒకసారి కనుక్కోనా?" అనండి. దానికి "సరే" అన్నారంటే గురువారం ఫోన్‌కు ముందే అనుమతి దొరికినట్టు. ఎత్తకపోతే వెంటవెంటనే మళ్లీ చేయకండి. మిస్డ్ కాల్ ఇచ్చి వాళ్లే చేస్తారని చూడటం మరీ తప్పు.

మనవైపు ఎక్కువగా చెడేది ఇక్కడ

నాన్నగారో అన్నయ్యో హెచ్‌ఆర్‌కు ఫోన్ చేసి "మా అమ్మాయిది ఏమైందండీ" అని అడగడం. ప్రేమతోనే చేస్తారు, కానీ రేపు నైట్ డ్యూటీలో పేషెంట్ బంధువులతో మాట్లాడాల్సిన మనిషి తన సంగతి తాను అడగలేదా అనిపిస్తుంది. నాయకుడి సిఫారసు ఉత్తరం సంగతి చెప్పనక్కర్లేదు.

లోపల పని చేసే సీనియర్ సిస్టర్ ఉంటే "ఆ పోస్టు ఇంకా ఖాళీగానే ఉందా అక్కా?" అన్నంతవరకే అడగండి. ఆమెను సూపరింటెండెంట్ దగ్గరికి పంపితే ఇద్దరికీ ఇబ్బంది. ఉత్త "హాయ్ మేడమ్" పంపి జవాబు కోసం చూడటం, గుడ్ మార్నింగ్ ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు, బ్లూ టిక్ పడగానే ప్రశ్న గుర్తులు, ఇవేవీ వద్దు. చెప్పకుండా వార్డుకే వెళ్లి ఇన్‌ఛార్జ్‌ను కలవడం కూడా వద్దు.

వేరే ఆస్పత్రి నుంచి ఆఫర్ వస్తే దాచక్కర్లేదు. "ఇంకోచోట ఆఫర్ వచ్చింది, శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. నాకు మీ దగ్గరే చేరాలని ఉంది. అప్పటిలోగా తెలిసే వీలుందా?" అని అడగండి. లేని ఆఫర్ ఉందని మాత్రం చెప్పకండి. నర్సింగ్ ఆఫీసుల వాళ్లు ఒకరికొకరు తెలుసు.

మొదటి ఫాలో అప్ తర్వాత వారానికి రెండోది, ఇంకో రెండు వారాలకు మూడోది. అక్కడితో ఆపండి. మూడోదాంట్లో "ఈసారి కుదరకపోతే తర్వాతి ఖాళీలకు నా రెజ్యూమె ఉంచండి" అని రాయండి. అది ఊరికే పోదు. ఎంపికైనవాళ్లలో కొందరు గల్ఫ్‌కో జర్మనీకో వెళ్లిపోతారు, కొందరికి పాత ఆస్పత్రి నుంచి రిలీవింగ్ లెటర్ రాదు, దాంతో రెండు మూడు వారాలకు వెయిటింగ్ లిస్టులోని పేర్లు పైకి వస్తాయి. అప్పుడు మర్యాదగా రాసిన మనిషే గుర్తొస్తుంది.

సర్కారు పోస్టులు, ఏజెన్సీలు

ప్రభుత్వ నియామకాల్లో ఈ పద్ధతేదీ నడవదు. అక్కడ ఫోన్ చేసి బతిమాలినా ర్యాంకు మారదు, గడువులోగా పెట్టిన అభ్యంతరానికే విలువ. తెలంగాణలో మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2024లో ఇచ్చిన నర్సింగ్ ఆఫీసర్ నోటిఫికేషన్‌లో రాతపరీక్షకు 80 పాయింట్లు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 20 పాయింట్లు. ఇలాంటివాటిలో ప్రొవిజనల్ (తాత్కాలిక) జాబితా రాగానే మీ సర్వీసు పాయింట్లు సరిగ్గా పడ్డాయో లేదో లెక్క చూసుకుని, తేడా ఉంటే సర్టిఫికెట్ జతచేసి నోటిఫికేషన్‌లో చెప్పిన పద్ధతిలోనే అభ్యంతరం పెట్టండి. ఆ గడువు దాటితే ఎవరూ వినరు. జిల్లాలో డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసు నుంచి భర్తీ చేసే కాంట్రాక్టు పోస్టులకు కూడా అంతే: జిల్లా వెబ్‌సైట్, నోటీసు బోర్డు చూస్తూ ఉండండి, అభ్యంతరం కాగితం మీద రాసి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

విదేశాలకు ఏజెన్సీ ద్వారా అప్లై చేసినవాళ్లు "ఫైల్ ముందుకు కదలాలంటే కొంచెం పంపండి" అనే మాట వింటూ ఉంటారు. రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అదీ రసీదుతోనే. లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. తెలంగాణ వాళ్లకు విదేశీ ఉద్యోగాలు చూపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఉంది. డబ్బు అడిగే ఏజెంటుకు ఫాలో అప్ మెసేజ్ పెట్టేముందు ఆ లైసెన్సు నంబరు అడగండి.