లెర్న్‌కి చివర ఈడీనా, టీనా? ప్రింటుకిచ్చే ముందు చూసుకోండప్పా

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ దగ్గర డీటీపీ చేస్తా ఉండా. ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే పిల్లోళ్ళు జాస్తిగా అడిగేది ఒకటే, అన్నా లెర్న్‌కి పాస్ట్ టెన్స్‌లో చివర ఈడీ పెట్టాలా టీ పెట్టాలా అని.

రెండూ కరెక్టే. బర్న్, డ్రీమ్, స్పెల్, స్పిల్, స్పాయిల్ అన్నీ ఇదే బాపతు. అమెరికావాళ్ళు మామూలుగా ఈడీ రాస్తారు, బ్రిటన్లో రెండూ నడుస్తాయి, టీ ఎక్కువ కనపడేది అక్కడే. మనకు టీ పెట్టినా తప్పు లేదు, కానీ రెండో పేజీలో టీ, ఇరవయ్యో పేజీలో ఈడీ ఉంటే గైడు సారు పట్టేస్తాడు, ఏదో ఒకటి అనుకోని చివరిదాకా అదే రాయండి.

ఇంక దీంట్లో మెలికలుండాయి. సంగటి మాడింది అనేదానికి అమెరికాలో ఈడీ పెడతారా, అదే మాడిన సంగటి అనాలంటే వాళ్ళు కూడా బర్న్ట్ అనే అంటారు. కోర్టులో లాయర్లు లెర్నెడ్ ఫ్రెండ్ అంటారు చూడండి, ఆ లెర్నెడ్ అంటే బాగా చదువుకున్నోడని, దానికి టీ తగిలించినారో అయిపోయినట్టే. ఇదే ఊపులో ఒక పిల్లోడు ఎర్న్‌కి కూడా టీ పెట్టుకోనొచ్చినాడు, నవ్వాపుకోలేకపోయినా, దానికి ఈడీ ఒక్కటే నాయనా. కెప్ట్, స్లెప్ట్, సెంట్, బిల్ట్ వీటికేమో టీ తప్ప ఇంకోటి లేదు.

ట్రావెల్ కథ వేరే. బ్రిటిష్ పద్ధతిలో ఈడీ ముందర రెండు ఎల్‌లు, అమెరికాలో ఒకటే, 1828లో డిక్షనరీ తెచ్చిన నోవా వెబ్‌స్టర్ ఇట్లాంటి ఎగస్ట్రా అక్షరాలు కోసేసినాడు. అట్లని అన్నిట్లో కోయొద్దు. ప్రిఫర్, అకర్ పలికి చూడండి, ఒత్తు, అంటే గట్టిగా నొక్కి పలికేది, చివర పడతాది కదా, అందుకని అక్కడ ఆర్ ఎవురైనా రెండుసార్లు రాయాల్సిందే. ఆఫర్, విజిట్‌లో ఒత్తు మొదట్లోనే, కాబట్టి ఏ దేశంలోనైనా డబుల్ చెయ్యరు.

టైపు మొదలుపెట్టకముందే వర్డ్‌లో లాంగ్వేజ్ ఇంగ్లీష్ ఇండియాకో యూకేకో మార్చుకోండి, లేకపోతే కలర్‌లో యూ పెట్టినా ఎర్రగీత గీస్తాది. అయిపోయినాక కంట్రోల్ ఎఫ్ కొట్టి పైన చెప్పిన మాటలు ఒక్కొక్కటీ వెతకండి. బస్సు అలిపిరి దాటింది అనేకాడ మాత్రం మీ కళ్ళే దిక్కు, పాస్‌కి ఈడీ చేర్చాల్సిన చోట పీ ఏ ఎస్ టీ అని కొట్టినా అది కూడా ఒక మాటే కాబట్టి స్పెల్ చెక్ గమ్మున వదిలేస్తాది.