సీటు ముందు, స్కాలర్‌షిప్ తర్వాత: ఫీజు కట్టేలోపు చూసుకోవాల్సినవి

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో కౌన్సెలింగ్ సీజన్ అంటే ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల వెబ్‌సైట్లు తెరుచుకుని కూర్చోవడం. ఒక ఫోన్‌లో ఒడిశా ప్రవేశ పరీక్ష ఓజేఈఈ, ఇంకో ఫోన్‌లో ఆంధ్రా ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్. మధ్యలో ఏదో కాలేజీ తరఫున కాల్ వస్తుంది. "ఇరవై వేలు కట్టి సీటు ఖాయం చేసుకోండి, స్కాలర్‌షిప్ ఎలాగూ వస్తుంది" అంటారు. ఆ 'ఎలాగూ' దగ్గరే ఆగాలి.

మా అక్క కొడుకు విషయంలో మేం ఆగలేదు. ఆంధ్రాలో ఒక కాలేజీలో చేర్చేశాం. అది కాలేజీ యాజమాన్యం సొంతంగా నింపుకునే మేనేజ్‌మెంట్ సీటని, దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదని సంక్రాంతి సెలవులకి వాడు ఇంటికొచ్చినప్పుడు తెలిసింది. రెండో విడత ఫీజుకి అక్క గాజులు బ్యాంకుకి వెళ్లాయి.

మన దగ్గర స్కాలర్‌షిప్ దరఖాస్తు చాలావరకు చేరిన తర్వాతే. అక్కడ చదువుతున్నట్టు కాలేజీ ఇచ్చే బోనఫైడ్, అడ్మిషన్ నంబరు, ఫీజు రసీదు ఉంటేనే ఫారం పూర్తవుతుంది. తర్వాత కాలేజీ, ఆ పైన జిల్లా, రాష్ట్రం స్థాయిలో పరిశీలించాలి. డబ్బు పడేసరికి ఏడాది చివరికి రావచ్చు, ఆ తర్వాతకీ పోవచ్చు. కాబట్టి మంజూరు కాగితం చూసి చేరదాం అనుకుంటే కుదరదు. స్కాలర్‌షిప్‌ని సున్నా అనుకుని మొదటి ఏడాది లెక్క వేయండి. ఫీజుతో పాటు హాస్టల్, మెస్, పుస్తకాలు, పండగలకి బస్సు చార్జీలు కూడా. ఆ మొత్తం ఎక్కడి నుంచి తేవాలో తెలియకపోతే ఆ సీటు మీద ఇంకోసారి ఆలోచించాలి.

సరిహద్దులో ఉన్న మనకి అసలు చిక్కు వేరే ఉంది. ఆంధ్రా వైపున్న పాతపట్నం ఇక్కడికి కూతవేటు దూరం, చుట్టాలు సగం మంది అటే. కానీ 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పడిన గీత స్కాలర్‌షిప్ ఫారంలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆంధ్రా ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడి స్థానికులకి, అదీ ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటా సీటుకే. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన, మేనమామ శ్రీకాకుళంలో ఉన్నంత మాత్రాన స్థానికులం అయిపోం. ఎక్కడ చదివాం అన్నదే ముఖ్యం. కులం జాబితాలు కూడా రాష్ట్రానికొకటి. అక్కడ బీసీగా ఉన్న కులం ఇక్కడి జాబితాలో ఉండాలని లేదు. ఒడిశా స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేసేవాళ్లు, బయటి రాష్ట్రం కాలేజీకి ఆ స్కీమ్ వర్తిస్తుందో లేదో ఆ ఏడాది గైడ్‌లైన్స్‌లో చదివాకే ఫీజు కట్టండి.

పేరు సంగతి చిన్నదనుకుంటాం గానీ ఫారాలు ఆగేది ఎక్కువగా అక్కడే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి బడిలో చివర రాస్తారు. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఇనిషియల్‌తో ఇంకోలా, బ్యాంకు పాస్‌బుక్‌లో మరోలా ఉంటుంది. రిజల్ట్ కోసం ఎదురుచూసే రోజుల్లోనే ఈ మూడూ ఒకటి చేయించండి. బ్యాంకులో ఆధార్ ఇచ్చాం కదా అని ఊరుకోవద్దు. ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేసే (డీబీటీ) డబ్బు పడాలంటే ఖాతాకి ఆధార్ సీడింగ్, అంటే ఆ డబ్బు కోసం ఆధార్‌ని ఖాతాకి జోడించడం, వేరుగా ఉండాలి, అయిందా లేదా అని కౌంటర్‌లో అడగండి. ఆదాయం సర్టిఫికెట్ తాజాది తీసుకోండి. పదో తరగతి తర్వాతి చదువుకిచ్చే ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లకి కేంద్రం పెట్టిన కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. ఎస్సీ పిల్లలైతే ఫ్రీషిప్ కార్డు గురించి తప్పకుండా అడగాలి, అది ఉంటే చేరేటప్పుడు ముందుగా ఫీజు అడగకూడదు. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) అనుమతి ఉన్న కాలేజీల్లో చేరే ఆడపిల్లలకి ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50,000, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి.

అప్పు తీసుకోవాల్సి వస్తే వడ్డీ వ్యాపారి కంటే ముందు బ్యాంకు. కేంద్రం విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మిలో పూచీకత్తు అడగరు. కాకపోతే కాలేజీ ఆ పథకం జాబితాలో ఉండాలి, సీటు మెరిట్ మీద వచ్చి ఉండాలి.

ఇక సీటు వదులుకుంటే ఫీజు వెనక్కి వచ్చే దారి. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018 నిబంధన ప్రకారం అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులో అంతకంటే ముందో మానుకుంటే ప్రాసెసింగ్ ఖర్చు పోను ఫీజంతా వెనక్కి ఇవ్వాలి. ఆ తర్వాత గడువు లోపు 90 శాతం, గడువు దాటి 15 రోజుల్లోపు 80, 30 రోజుల్లోపు 50. అది కూడా దాటితే ఏమీ రాదు. అందుకే కట్టే రోజే ఆ చివరి తేదీ అడిగి క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. టీసీ, మార్కుల మెమో ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి, కాలేజీ వాటిని పట్టి ఉంచకూడదు. అవి వాళ్ల బీరువాలో ఉంటే ఇంకో కౌన్సెలింగ్‌కి వెళ్లలేం, మా వాడు ఇరుక్కున్నది అందుకే.

సీటు ఏ కోటాదో, స్కాలర్‌షిప్ రాకపోతే ఎప్పటిలోగా ఎంత కట్టాలో ఫోన్‌లో చెప్పించుకోవద్దు. వాట్సాప్‌లోనైనా రాసి పంపమనండి. మాకు కాల్ చేసిన పెద్దమనిషి నంబరు ఫీజు కట్టిన వారానికే స్విచాఫ్.